కరక్కాయ గుడ్డ

కిందటి వారం భ్రమరాంబను వంటింటి గడప మీద, చేతిలో ఒక తడిగుడ్డతో, అలాగే నిలబెట్టి వచ్చేశాను. ఏడు రోజులుగా ఆ మనిషి అక్కడే ఉంది. ఒక ఆడకూతుర్ని అలా నిలబెట్టడం భావ్యమేనా అని అడిగినవాళ్ళకు నేను చెప్పగలిగిన జవాబు ఒక్కటే. నాకూ ఆ వారమంతా అన్నం సయించలేదు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం జరిగిన సంగతి నాలుగు మాటల్లో చెప్పి ముందుకు వెళ్తాను. పెడనలో అద్దకం పని చేయించే నాంచారయ్యకు భ్రమరాంబ ఒక్కతే చెల్లెలు. ఆమె భర్త వెంకటాద్రి విశాఖపట్నంలో ఓడల మరమ్మతు దగ్గర పదేళ్ళు గ్యాసు వెల్డింగు చేసి, సొంత సామాను కొనుక్కుని, రెండేళ్ళ కిందట అత్తవారి ఊరు చేరాడు. నాంచారయ్య వాకిలికి ఆనుకునే ఒక ఇల్లు అద్దెకు దొరికింది. అది ఒకప్పుడు ఒక బట్టల వర్తకుడిది. ఆయన తన కారు కోసమని పెరట్లో రేకుల షెడ్డు కట్టించాడు. కారూ పోయింది, వర్తకుడూ పోయాడు, షెడ్డు మిగిలింది. వెంకటాద్రి అందులో ఆక్సిజన్ సిలిండరు, కార్బైడు డబ్బా దించుకుని పని మొదలుపెట్టాడు. షెడ్డుకు పడమటివైపు తలుపు, తూర్పువైపు ఒక్క కిటికీ. ఆ కిటికీ అవతలే నాంచారయ్య గుడ్డ తానులు ఆరేసుకునే వాకిలి.

అద్దకం ఎరగనివాళ్ళకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. తెల్లగుడ్డను ముందు కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఎండబెడతారు. ఆ గుడ్డకు ఇనుము తగిలితే చాలు, నల్లబడుతుంది. అద్దకంలో నలుపు పుట్టేదే అలాగ. బెల్లం నీళ్ళలో తుప్పు ఇనుము నానవేసి, ఆ నీళ్ళు అచ్చుకు పట్టించి గుడ్డ మీద వేస్తే, చూస్తూండగానే నల్లటి తీగలూ పువ్వులూ తేలతాయి. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ నలుపు కదలదు. అయితే ఆ ఇనుము అచ్చులోంచి రావాలి గాని ఆకాశంలోంచి రాకూడదు.

నాలుగు నెలల కిందట అది ఆకాశంలోంచే వచ్చింది. వెంకటాద్రి ఆకురాయి పట్టిన ఇనపనుసి, వెల్డింగు పొగ కిటికీలోంచి వచ్చి, మంచుకు తడిసిన నలభై తానుల మీద వాలాయి. తెల్లారి చూస్తే గుడ్డంతా ఆవాలు చల్లినట్టు మచ్చలు. బందరు షావుకార్లు ఆ సరుకు ముట్టుకోలేదు. కులపెద్దలు నలుగురూ కూర్చున్నారు. బావగారి ముందు తలవంచుకుని నిలబడ్డ వెంకటాద్రి, మామగారు చెక్కించిన టేకు అచ్చుల మీద చెయ్యి వేసి, ఇక మీదట తన షెడ్డులోంచి ఆవగింజంత నుసి కూడా ఆ వాకిట్లో పడదని ప్రమాణం చేశాడు. ఆ సాయంత్రమే కిటికీకి అడ్డంగా రేకు పెట్టి మేకులు కొట్టేశాడు. కప్పుకీ గోడకీ మధ్య సందుల్లో గోనెసంచులు కుక్కాడు. మగవాళ్ళు మాట ఇచ్చేటప్పుడు ఎంత గట్టిగా ఇచ్చామన్నది చూసుకుంటారు గాని, దాన్ని ఎవరు మొయ్యాలన్నది చూసుకోరు. ఈ మాటను వెంకటాద్రి ఊపిరితిత్తులు మోశాయి.

ఆ తరువాత మాఘపౌర్ణమి పని వచ్చింది. హంసలదీవిలో సముద్రస్నానానికి వచ్చే జనం తాగడానికి ఆరు మంచినీళ్ళ ట్యాంకులు కావాలన్నారు. ట్యాంకులకు జింకు రేకు, కింద ఇనప కాళ్ళు. జింకు రేకు మీద మంట పడితే దూదిపింజల్లాంటి తెల్లటి పొగ లేస్తుంది. ఆ పొగ లేచిన రోజల్లా, పొద్దు వాలేసరికి వెంకటాద్రికి నోట్లో తియ్యగా ఉన్నట్టుండేది, కాసేపటికి పళ్ళు టకటకా కొట్టుకునేంత చలి, ఆ మీద జ్వరం. తెల్లారేసరికి మామూలు మనిషి. ఊళ్ళో కాంపౌండరు తోమాసు అది మన్యం జ్వరమని క్వినైను ఇచ్చాడు. చలిగాలి తగలకూడదని కూడా చెప్పాడు. అప్పటినుంచి వెంకటాద్రి షెడ్డు తలుపు కూడా లోపలినుంచి వేసుకుని పని చేస్తున్నాడు. మూడు వారాల తరువాత, బందరు పంపిన నెత్తురులో మన్యం జ్వరం లేదని కబురొచ్చింది. మరి ఇదేం జ్వరమో తోమాసుకు తెలియలేదు. ఆ మాట అతను దాచుకోకుండా చెప్పాడు, అందుకు అతనికో నమస్కారం.

ఒకనాటి పొద్దున దగ్గు తెరలు తెరలుగా వస్తుంటే చూడలేక, భ్రమరాంబ చేతికందిన గుడ్డ తడిపి భర్త ముక్కుకూ నోటికీ కలిపి కట్టింది. అది వదిన శేషమ్మ ఇంటివాడుకకని ఇచ్చిన తాను చివరి ముక్క. కరక్కాయ పట్టిన గుడ్డ. సాయంత్రం విప్పి చూస్తే దాని మీద రెండు నల్లటి మచ్చలున్నాయి. ఆమె గడప మీద కొయ్యబారిపోయింది అందుకే.

తెల్లవారి వెంకటాద్రి లేచి, మొహం కడుక్కుని, తన గ్లాసుడు పాలు తాగాడు. ఓడల దగ్గర పని చేసినవాళ్ళందరికీ ఆ నమ్మకం ఉంది. పొగ ఎంత మింగినా పాలు తాగితే విరుగుడని. మీ గుడ్డలకు పాలెందుకు పడతారో నేనూ అందుకే తాగుతున్నానని అతను పెళ్ళాన్ని ఆటపట్టిస్తుండేవాడు. ఇవాళ ఆ మాట అనలేదు. గ్లాసు కింద పెట్టి, గోడ పట్టుకుని లేచాడు.

భ్రమరాంబ గుడ్డ అతని ముందు పరిచింది. రాత్రి సబ్బు పెట్టి రుద్దానని, కుంకుడుకాయతో ఉతికానని, మచ్చ పోలేదని చెప్పింది. అతను ఒకసారి చూసి మొహం తిప్పుకున్నాడు. పని చేసేవాడి ముక్కుకు మసి కాక గంధం అంటుతుందా అన్నాడు.

"ఇంకా రెండు ట్యాంకులేనే. రెండు పూర్తయితే నెల రోజులు ఆ షెడ్డు మొహం చూడను."

"ఆ రెండూ పూర్తయ్యేదాకా మీరుండాలిగా."

అలాంటి మాట ఆమె నోటివెంట ఎన్నడూ రాలేదు. వెంకటాద్రి కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. అతను మెల్లిగా, తానొకసారి ఆ వాకిట్లో దోషిలా నిలబడ్డాననీ, మళ్ళీ నిలబడడం తన వల్ల కాదనీ, అవతల అరవై తానులు కరక్కాయ పట్టి ఆరేసి ఉన్నాయనీ చెప్పాడు. కిటికీ మాట మళ్ళీ ఎత్తవద్దన్నాడు.

ఆమె ఎత్తలేదు. ఇంకో ముక్క తడిపి అతని మొహానికి కట్టింది. కడుతూంటే అతని ఊపిరి ఆమె మణికట్టుకు తగిలింది. వేడిగా, పొట్టిగా, మధ్యలో ఎక్కడో చిక్కుకుని వస్తున్న ఊపిరి. పన్నెండేళ్ళ కాపురంలో ఆ ఊపిరి పక్కన నిద్రపోయిన మనిషికి అది మారిందని వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. అతను షెడ్డులోకి వెళ్ళాడు. బయట పడమటి గాలి చలిచలిగా వీస్తోంది. తలుపు మూసుకుంది. లోపల ఇనప గడియ పడిన చప్పుడైంది. అది అతను సొంతంగా చేసుకున్న గడియ, గునపంతో పెకలించినా రానిది.

వెల్డింగు మంట వేసే టార్చి వెలిగింది. దాని సన్నటి ఈల మొదలైంది.

భ్రమరాంబ పొయ్యిమీది అన్నం దించింది. ఉతికిన గుడ్డ మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. పొద్దు బారెడెక్కేసరికి అన్నగారి వాకిట్లో ఉంది.

ఆ వాకిలి ఆమె పుట్టి పెరిగిన వాకిలే. ఎండలో ఒకదాని పక్కన ఒకటి పరిచిన తానులు లేతపసుపు రంగులో ఉన్నాయి. ఈశాన్యం మూల బెల్లం, ఇనుము కలిసి పులిసిన కుండల వాసన. శేషమ్మ గాబు దగ్గర గేదెపాలు కలుపుతోంది. పందిరి కింద బల్ల మీద నాంచారయ్య అచ్చు వేస్తున్నాడు. అచ్చును గుడ్డ మీద పెట్టడం, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దడం, తియ్యడం. నలభై ఏళ్ళుగా అదే వరస. అతనితో పని చేసేవాళ్ళు పోతయ్యతో కలిపి తొమ్మిది మంది. గోడ అవతల షెడ్డులోంచి టార్చి ఈల వినిపిస్తూనే ఉంది. ఆ ఈల చెవిన పడుతున్నంతసేపు భర్త పనిలో ఉన్నాడని భ్రమరాంబకు ధైర్యం.

చెల్లెలి చేతిలో గుడ్డ, గుడ్డ మీద నలుపు, నాంచారయ్య కంట్లో ఒకేసారి పడ్డాయి. అచ్చు పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"మళ్ళీ పడిందా?" అన్నాడు.

ఆమె గుడ్డ ఇచ్చింది. అతను దాన్ని అందుకోవడం కూడా అద్దకంవాడు అందుకున్నట్టే, అంచు పట్టుకుని, వెలుతురుకు ఎత్తి. కోపం మొహమంతా పాకుతున్నా చూపు మాత్రం గుడ్డను చదువుతూనే ఉంది. ఇది తమ గుడ్డేనన్నాడు. కరక్కాయ సరిగ్గా పట్టిందన్నాడు. పాలు కూడా సరిగ్గానే పట్టాయన్నాడు. ఇనుమే, సందేహం లేదన్నాడు. అయితే మచ్చ రాలినట్టు లేదని, రెండుచోట్ల మాత్రమే గుండ్రంగా, అర్ధణా కాసంత, ఎవరో పనిగట్టుకుని వేసినట్టు ఎందుకుందని అడిగాడు.

"దీన్ని ఎక్కడ ఆరేశావు?"

"ఆరెయ్యలేదు అన్నయ్యా."

గుడ్డ అతని చేతిలోంచి తీసుకుంది. తన మొహానికి అడ్డంగా పెట్టుకుని, రెండు కొసలూ తల వెనక్కి తీసుకెళ్ళి ముడి వేసుకుంది. కళ్ళు రెండూ పైన మిగిలాయి. వాటి కింద, సరిగ్గా ముక్కుపుటాలు ఉన్నచోట, ఆ రెండు నల్లటి మచ్చలు నిలబడ్డాయి. కింద పెదవుల దగ్గర ఇంకొకటి, పలచగా.

గాబులో గరిటె ఆగింది. పోతయ్య భుజమ్మీది తడి తానుతో అక్కడే నిలబడిపోయాడు. నాంచారయ్య చెల్లెలి మొహం వైపు చూస్తూ, తన బల్ల మీది అచ్చును తడుముకున్నాడు. ఎందుకు తడుముకున్నాడో అతనికి తెలియదు. గుడ్డ మీద ఎవరు ఏ అచ్చు వేశారో చూపుతో చెప్పగలడని బందరు దాకా పేరున్న మనిషి. ఈ అచ్చు ఎవరిదో కూడా చదివేశాడు.

"ఎన్నాళ్ళు కట్టుకున్నాడు దీన్ని?"

"ఒక్కరోజు. నిన్న పొద్దున కట్టాను, సాయంత్రం విప్పాను." గుడ్డ లోపలినుంచి ఆమె గొంతు మందంగా వచ్చింది. "నాలుగు నెలలు ఏ గుడ్డా లేకుండా పీల్చాడు. లోపల ఎంత నలుపు తేలిందో నువ్వే లెక్కకట్టు. నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?"

నాంచారయ్యకు దొరికిన జవాబు గట్టిది కాదు. పాలు తాగుతున్నాడుగా అన్నాడు.

"ఈ గుడ్డకూ పాలు పట్టావు. మచ్చ ఆగిందా?"

ఇంత చిన్నమాటకు అంత పెద్దమనిషి బల్ల అంచు మీద కూలబడ్డాడు. కూర్చుని, కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. తాను మూయమన్నది కిటికీనేగాని అతని ముక్కును కాదన్నాడు. నలభై తానులు పాడైపోయినప్పుడు ఈ తొమ్మిది ఇళ్ళలో పొయ్యిలు ఎలా వెలిగాయో ఎవరూ అడగలేదన్నాడు. ఇవాళ ఆరేసిన అరవై తానులూ పోతే వీళ్ళు అద్దకం మానేసి మంగినపూడి పోయి వలలు లాగాల్సిందేనన్నాడు. పది రోజులు, పదంటే పదే రోజులు ఆగితే అచ్చులు పడి, కాలవలో ఉతుకులు అయిపోతాయనీ, ఆ తరువాత కిటికీ కాదు గోడే పడగొట్టుకోమనీ అన్నాడు.

భ్రమరాంబ మొహమ్మీది గుడ్డ విప్పింది.

"ఆ తొమ్మిది ఇళ్ళూ నాకు తెలియవా? ఈ వాకిట్లో నడక నేర్చినదాన్ని. అందుకే నాలుగు నెలలు నోరు కుట్టేసుకున్నాను. నీ గుడ్డ మీద మచ్చ పడితే నాకూ ఏడుపొచ్చింది. అది నాన్న పని. ఇప్పుడు చెప్తున్నాను విను. ఆయనకు పది రోజులు లేవు. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను. పెద్దల్ని పిలవమంటే పిలుస్తాను. ఆ మాట ఆయనకు నువ్వు తిరిగి ఇచ్చెయ్యాలి. నేను చెప్తే వినడు. నువ్విచ్చేస్తే తప్ప ఆయన తీసుకోడు."

ఏడవకూడదనుకుంది. ఏడ్చింది. శేషమ్మ చేతులు కడుక్కోకుండానే వచ్చి ఆడబిడ్డను పొదివి పట్టుకుంది. పాలచేతుల తడి భ్రమరాంబ జాకెట్టుకు అంటింది. శేషమ్మ మొగుడి వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపు చాలు.

నాంచారయ్య లేచి వాకిట్లోకి నడిచాడు. తానుల మధ్య నిలబడ్డాడు. గుడ్డల అంచులు మెల్లిగా తూర్పుకు ఎగురుతున్నాయి. అతను వాటినే చూస్తూ ఉండిపోయాడు. పొద్దుట పడమటి గాలికి ఏ తాను ఆరెయ్యాలి, మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాక ఏది తియ్యాలి అన్నది అతని బతుకంతా చేసిన లెక్క. చూస్తూ చూస్తూ అతని మొహం మారిపోయింది. నుదురు కొట్టుకున్నాడు.

"ఎంత వెర్రివాణ్ణి నేను" అన్నాడు, తనతో తానే. ఆ తరువాత చెల్లెల్ని దగ్గరకు పిలిచి చెప్పాడు. "ఇప్పుడు గాలి షెడ్డు మీంచి ఇటు వస్తోంది. రెండు గంటలకు తిరుగుతుంది, సముద్రం మీంచి అటు పోతుంది. అప్పుడు కిటికీ తెరిస్తే పొగ ఇటెందుకొస్తుంది? నా వాకిట్లో గాలే ఆ కిటికీలోంచి లోపలికి పోయి, పొగనంతా పడమటి తలుపులోంచి తోసేస్తుంది. అతను కిటికీకి వీపు పెట్టి నిలబడితే చాలు. మంట ముందుండాలి, గాలి వెనకనుంచి రావాలి. మధ్యాహ్నం నుంచి పొద్దువాలేదాకా పని చేసుకోమను. పొద్దుట ముట్టుకోవద్దను. కప్పులో ఒక రేకు ఎత్తి గొట్టం పెడదాం. నా తానులకూ ఏమీ కాదు, అతనికీ ఏమీ కాదు."

ఆ కిటికీని నాలుగు నెలలుగా అందరూ పొగ బయటికొచ్చే కన్నంగానే చూశారు. దాంట్లోంచి గాలి లోపలికి కూడా పోతుందన్న సంగతి, గాలితోనే బతికే ఈ ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. ఎదుటివాడి తప్పు చూడడంలో పడితే ఇంటిముందు వీచే గాలి కూడా కనబడదు కాబోలు.

"రెండు గంటలకు నేనే వచ్చి మేకులు పీకుతాను. అతనితో నేనే మాట్లాడతాను. అచ్చుల మీద వేసిన చెయ్యిని ఆ అచ్చుల ముందే విడిపిస్తాను. సరేనా?"

భ్రమరాంబ తల ఊపింది. నాలుగు నెలల తరువాత గుండెలో ఏదో కాస్త సడలింది. ఇంకెంత, నాలుగైదు గంటలు. అంతవరకు పని ఆపి బయటికి రమ్మని చెప్పాలి, బావగారే పిలుస్తున్నారంటే వస్తాడు. పైటతో మొహం తుడుచుకుని రెండడుగులు వేసింది. అక్కడ ఆగిపోయింది.

ఈల వినబడుతోంది.

వినబడుతూనే ఉంది. సన్నగా, ఒకే తీరున, తెగకుండా.

వెల్డింగు పనికి ఒక వరస ఉంది. కాసేపు ఈల, ఆ తరువాత మంట పక్కకు తిప్పి సుత్తితో రెండు మూడు దెబ్బలు, మళ్ళీ ఈల. రెండేళ్ళుగా ఆ వరస వింటూ అన్నం వండిన మనిషి ఆమె. తాను ఈ వాకిట్లోకి వచ్చినప్పుడు సుత్తి చప్పుడు విన్నట్టు గుర్తు. మొహానికి గుడ్డ కట్టుకున్నప్పుడు? తరువాత? ఎంత వెనక్కి వెతుక్కున్నా సుత్తి చప్పుడు దొరకలేదు.

"వదినా, సుత్తి దెబ్బ ఎప్పుడు విన్నావు?"

శేషమ్మ మొహం తెల్లబోయింది. నాంచారయ్య చెవి ఒగ్గాడు. గోడ అవతల ఈల తప్ప ఇంకేమీ లేదు.

భ్రమరాంబ ఎలా పరుగెత్తిందో ఆమెకే తెలియదు. షెడ్డు తలుపు మీద రెండు చేతులతో బాదింది. ఏవండీ అని పిలిచింది, ఎన్నడూ నోట పలకని పేరు పెట్టి కూడా పిలిచింది. లోపలినుంచి పలుకు లేదు. తలుపు కింది సందులోంచి తెల్లటి పొగ సన్నగా పాకి వస్తోంది. పోతయ్య, ఇంకో ఇద్దరు వచ్చి భుజాలు ఆనించి గుద్దారు. ఆ గడియ చేసినవాడు పనిమంతుడు. తలుపు కదల్లేదు.

నాంచారయ్య తలుపు దగ్గరకు రాలేదు. వాకిట్లో గునపం అందుకుని కిటికీ దగ్గరకు పోయాడు. రేకు అంచు కింద గునపం దూర్చాడు. పోతయ్య అది చూసి అటునుంచి ఇటు పరుగెత్తుకొచ్చాడు.

"గాలి ఇంకా ఇటే ఉందండి. తానులన్నీ తడిమీదున్నాయి. ఒక్క నిమిషం, ఎత్తేస్తామండి."

నాంచారయ్య వెనక్కి తిరగలేదు. గునపం మీద ఒళ్ళంతా వేశాడు. మొదటి మేకు ఊడింది. రెండోది వంగింది. మూడోది ఊడేటప్పుడు రేకు అంచు అతని అరచేతిని నిలువునా కోసింది. అతను ఆ చేత్తోనే రేకును పట్టి కిందికి లాగేశాడు.

పొగ ఒక్కసారిగా బయటికి దొర్లింది. తెల్లటి పింజలు, నల్లటి నుసి, పడమటి తలుపు కింద దూరిన గాలి తోసుకుంటూ వస్తుంటే, నాంచారయ్య తల మీదుగా, భుజాల మీదుగా వాకిట్లోకి పోయాయి. అరవై తానుల మీద మెల్లిగా వాలాయి. తడి ఇంకా ఆరని గుడ్డ ఒక్కొక్క చుక్కనూ అందుకుని నల్లబడడం మొదలుపెట్టింది. తొమ్మిది మంది పనివాళ్ళూ దాన్ని చూశారు. నాంచారయ్య చూడలేదు.

భ్రమరాంబ అన్నగారి పక్కన దూరి కిటికీ ఊచలు పట్టుకుంది. ఊచలు కూడా వెంకటాద్రి అతికినవే, మనిషి దూరే సందు లేదు. పొగకు కళ్ళు మండి ధారలు కట్టాయి. ముందు నీలంగా మంట కనబడింది. టార్చి నేల మీద పడి, గోడవైపు మొహం పెట్టి, తన పాటికి తాను మండుతోంది. దాని పక్కన అయిదో ట్యాంకు, ఒక అంచు అతకడం మిగిలిపోయి. ట్యాంకు పక్కన అతను.

వెల్లకిలా పడి ఉన్నాడు. ఒక చెయ్యి కిటికీ వైపు చాపి ఉంది. ఆ చేతిలో సుత్తి ఉంది. పిలవడానికి గోడ మీద కొట్టబోయాడో ఏమో. మొహమ్మీద పొద్దున ఆమె కట్టిన గుడ్డ ఉంది. దాని మీద ముక్కు దగ్గర నలుపు అప్పుడే తేలింది.

అవతల తలుపు మీద రోకలి దెబ్బలు పడుతున్నాయి. గడియ ఇంకా విరగలేదు.

భ్రమరాంబ రెప్పలు తుడుచుకుంది. మళ్ళీ నిండాయి. మళ్ళీ తుడుచుకుంది. ఊపిరి ఉన్నవాడి మొహమ్మీద గుడ్డ లోపలికి పోవాలి, బయటికి రావాలి. అంతే కావాలి ఆమెకు. ఇంకేమీ అక్కర్లేదు.

"అన్నయ్యా, నాకు కళ్ళు ఆనడం లేదు. ఆ గుడ్డ కదులుతోందా?"

ముప్ఫై మూరల తానులో ఆవగింజంత మచ్చను నిలబడ్డచోటినుంచి పట్టుకోగల మనిషి నాంచారయ్య. నెత్తురు కారుతున్న చేత్తో ఊచ పట్టుకుని, రెప్ప వెయ్యకుండా ఆ గుడ్డనే చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ తన ఊపిరి కూడా బిగబట్టాడు.

ఆమె మళ్ళీ అడిగింది. అతను ఇంకా చూస్తూనే ఉన్నాడు.